నిద్ర పట్టని రాత్రికి ఏ డాక్టర్? ఉత్తర తెలంగాణలో కౌన్సెలింగ్‌కు దారి ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా

మనసు బాగాలేనివాళ్లు సాయం అడగడం లేదనే మాట తరచూ వినిపిస్తుంది. వరంగల్ చుట్టుపక్కల జిల్లాల్లో పరిస్థితి చూస్తే అది సగం నిజమే. జనం అడుగుతూనే ఉన్నారు. కాకపోతే గుండె దడ, గ్యాస్, నరాల బలహీనత అనే పేర్లతో, వేరే డాక్టర్ల దగ్గర అడుగుతున్నారు. ఇంట్లోవాళ్ల ఓదార్పుకూ సైకియాట్రిస్టు మందు చీటీకీ మధ్య ఇంకో మెట్టు ఉండాలి. శిక్షణ ఉన్న మనిషితో కొన్నిసార్లు కూర్చుని మాట్లాడే వీలు అది. మన దగ్గర లేనిది అదే. కాలేజీల్లో కౌన్సెలర్లు ఉండాలన్న సుప్రీంకోర్టు తీర్పు, ప్రభుత్వం నడిపే 14416 ఫోన్ సేవ, జిల్లాకో మెడికల్ కాలేజీ ఈ ఖాళీని కొంతవరకు పూడ్చగలవు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని చెప్పింది. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం చేసుకోవాలి. హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర వైపు నడిస్తే ఈ తీర్పు ఎంతమందికి సంబంధించినదో అర్థమవుతుంది. ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు పక్కపక్కనే ఉంటాయి. ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చి అక్కడ చదివే పిల్లలు ఎందరో.

తీర్పు వచ్చాక తల్లిదండ్రులకు సందేహాలు మొదలయ్యాయి. కౌన్సెలర్ అంటే డాక్టరేనా? పిల్లను పంపిస్తే రికార్డుల్లోకి ఎక్కుతుందా? మందులు అలవాటవుతాయా? ఇవి పిల్లలకే పరిమితమైన ప్రశ్నలు కావు. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేని గృహిణికి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఎవరితోనూ కలవలేకపోతున్న భర్తకు కూడా ఇవే ప్రశ్నలు.

ముందు ఒళ్లే చెబుతుంది

దిగులుగా ఉందని దవాఖానకు వెళ్లేవారు తక్కువ. గుండె దడదడలాడుతోందని, కడుపు ఉబ్బరమని, తల బరువని, చేతులు తిమ్మిర్లని వెళ్తారు. ఇందులో నటన లేదు. ఆందోళన రోజుల తరబడి వదలకపోతే శరీరంలో అడ్రినలిన్, కార్టిజాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల దెబ్బతింటుంది, నిద్ర పలచబడుతుంది. నొప్పి నిజంగానే ఉంటుంది. దాని మూలం మాత్రం ఈసీజీలో కనిపించదు.

పరకాల దగ్గర ఒక ఊళ్లో నలభై ఏళ్ల రైతు మహిళను ఊహించుకుందాం. పత్తికి రేటు రాలేదు. బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతోంది. ఆరు వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, తర్వాత కన్ను మూతపడదు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. ఆయన బీపీ చూసి, ‘నీరసం అక్కా, ఏం కాదు’ అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, బీ-కాంప్లెక్స్ సూది వేస్తాడు. రెండు రోజులు తేలిగ్గా ఉంటుంది. సూది పనిచేయడం కన్నా, ఒక మనిషి నాడి పట్టి చూసి రెండు గంటలు పడుకోమనడమే ఆ తేలికకు ఎక్కువ కారణం. మూడో రోజు మళ్లీ దడ.

తర్వాత హనుమకొండ ప్రయాణం. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, కడుపు స్కానింగ్. అన్నీ నార్మల్. ‘ఏం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు’ అంటారు డాక్టర్. ఫైలు లావెక్కింది, అప్పు ఇంకొంచెం పెరిగింది, రంది మాత్రం తగ్గలేదు. పైగా ఇంటికొచ్చాక ఇంకో కష్టం మొదలవుతుంది. ‘అన్నీ నార్మలే వచ్చినయ్ గదా, ఇంకేం బాధ నీకు’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. రిపోర్టు బాగుండటమే ఆమె మీద అభియోగమవుతుంది.

పరీక్షలు దండగ అనుకోవడానికి లేదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా నీరసం, దిగులు, నిద్రలేమి వస్తాయి. వాటిని ముందు చూడాల్సిందే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ‘టెన్షన్ పెట్టుకోకు’ అన్న డాక్టర్ ఆ టెన్షన్‌కు ఎక్కడికి వెళ్లాలో చెప్పరు. చెబుదామన్నా, తన దవాఖాన ఉన్న వీధిలో చూపించగల కౌన్సెలర్ ఎవరూ ఆయనకు తెలియకపోవచ్చు. ఇక్కడే దారి తెగుతోంది. ఆమె ఇంకో డాక్టర్‌ను వెతుక్కుంటుంది, లేదా మేడారం మొక్కుకుంటుంది, లేదా అన్నారం షరీఫ్ దర్గాకు వెళ్లొస్తుంది. మొక్కు, దర్గా మనసుకు ఇచ్చే ఊరటను తీసిపారేయాల్సిన పని లేదు. వాటితో పాటు కౌన్సెలింగ్ కూడా తీసుకోవచ్చన్న మాట ఎవరూ చెప్పకపోవడమే లోటు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. అందులో తెలంగాణ లేదు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని, డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. పరకాల మహిళ వంటివారంతా ఈ 85 శాతంలోకే వస్తారు. చికిత్స అందలేదంటే ఇంట్లో ఊరికే కూర్చున్నారని కాదు. డబ్బు, సమయం ఖర్చు పెట్టుకుని తిరిగినవారూ అందులో ఉంటారు.

ఎవరి పని ఏది

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు, అవసరమైతే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. సైకాలజీ పీజీ మీద రెండేళ్ల ఎంఫిల్ వంటి శిక్షణ పొంది, 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద నమోదై ఉంటారు. పరీక్షలు చేయడం, మాటల ద్వారా చేసే థెరపీ వారి పని. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కుటుంబం, ఉపాధి, పథకాలు, చట్టం వైపు నుంచి అండగా ఉంటారు.

అయోమయమంతా కౌన్సెలర్ దగ్గరే. సైకాలజీలో ఎంఏ చేసి ఏళ్ల తరబడి పర్యవేక్షణలో పనిచేసినవారూ కౌన్సెలరే, కొద్దిరోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవారూ కౌన్సెలరే. డాక్టర్లకు ఉన్నట్టు గట్టి నమోదు నియమం వీరికి చాలాకాలం లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ రంగాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. అది పూర్తిగా అమల్లోకి వచ్చేదాకా జాగ్రత్త పడాల్సింది వెళ్లేవారే. ఏం చదివారు, ఎవరి దగ్గర శిక్షణ పొందారు, ఒక్కో సిట్టింగ్‌కు ఫీజెంత, మొత్తం ఎన్నిసార్లు రావాల్సి ఉంటుంది, రాసుకున్న నోట్స్ ఎవరు చూస్తారు అని మొదటి రోజే అడగవచ్చు. పని తెలిసిన కౌన్సెలర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. మూడు సిట్టింగుల్లో పూర్తిగా నయం చేస్తామని మాట ఇచ్చేవారి దగ్గర మాత్రం ఆగి ఆలోచించుకోవాలి.

ఆ ముప్పావు గంటలో ఏం జరుగుతుంది

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడం అనుకుంటారు చాలామంది. ధైర్యం చెప్పడానికి మేనమామ ఉన్నాడు, పెద్దమ్మ ఉంది, కులపెద్దలు ఉన్నారు. వారి ప్రేమను శంకించాల్సిన పని లేదు. అయితే బంధువుల ఓదార్పు చాలాసార్లు ‘మేం పడ్డ కష్టం ముందు ఇదెంత’ దగ్గర మొదలవుతుంది, ‘నలుగురిలో పరువు పోతది’ దగ్గర ముగుస్తుంది. చెప్పుకున్న మాట వారం తిరిగేలోపు ఇంకో ఇంట్లో వినపడుతుంది. ఆ ఇంటి పొలం గొడవతోనో, పెళ్లి సంబంధంతోనో ఏ లావాదేవీ లేని మనిషి ఎదురుగా కూర్చోవడమే కౌన్సెలింగ్‌లో మొదటి తేడా.

ఒక సిట్టింగ్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు. మొదటిరోజు ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి. ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి, పని, మద్యం అలవాటు, ఇంట్లో ఎవరితో మాట్లాడగలరు, బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా. ఈ చివరి ప్రశ్నకు ఇంట్లోవాళ్లు భయపడతారు, లేని ఆలోచన పుట్టిస్తారేమోనని. అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అప్పటిదాకా ఒంటరిగా మోసిన మాటను బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది.

ఆ తర్వాతి పద్ధతి సమస్యను బట్టి మారుతుంది. ఎక్కువగా వాడేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే ఆలోచననూ దాని వెంట వచ్చే ప్రవర్తననూ పరిశీలించి మార్చుకునే పద్ధతి. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు రూపమిచ్చిన పద్ధతి ఇది. వీక్లీ టెస్టులో మార్కులు పడిపోయిన ఎంపీసీ విద్యార్థి కౌన్సెలర్ ముందు కూర్చున్నాడనుకుందాం. కౌన్సెలర్ ఒక కాగితం మీద నాలుగు గడులు గీయిస్తారు. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, ఎలా అనిపించింది, తర్వాత ఏం చేశావు. అబ్బాయి రాస్తాడు: ఫిజిక్స్‌లో మార్కులు తగ్గాయి. నాతో కాదు, నాన్న ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి. గుండె దడ, ఏడుపు. ఆ రాత్రి పుస్తకం తీయలేదు, ఫోన్ చూస్తూ రెండింటిదాకా మేల్కొన్నా.

నాలుగో గడి మొదటి గడిని మళ్లీ ఎలా పుట్టిస్తోందో అబ్బాయికి కాగితం మీదే కనిపిస్తుంది. చదవని రాత్రి వల్ల తర్వాతి టెస్టు పోతుంది, ఆ మార్కులు ‘నాతో కాదు’ అన్న మాటకు రుజువవుతాయి. కౌన్సెలర్ ‘నీతో అవుతుంది’ అనరు. రెండో గడిలోని మాటకు ఎదురు సాక్ష్యాలు ఉన్నాయేమో అబ్బాయితోనే వెతికిస్తారు. పోయిన నెల కెమిస్ట్రీ ఎలా వచ్చింది, ఫిజిక్స్‌లో ఏ చాప్టర్‌లో పోయాయి, నాన్న నిజంగా ఏమన్నాడు, ఏమంటాడని నువ్వు అనుకున్నావు. వారానికి ఒక చిన్న పని ఇస్తారు. రాత్రి పదకొండుకు ఫోన్ వార్డెన్‌కు ఇచ్చేయడం అంత చిన్నదైనా సరే. వచ్చే వారం దాని గురించే మాట్లాడతారు.

డిప్రెషన్‌లో ఉన్న పెద్దవాళ్లతో తరచూ చేసేది ఇంకొకటి. దిగులు వల్ల మనిషి పనులు మానుకుంటాడు, మానుకున్నకొద్దీ రోజులో సంతోషపడే సందర్భాలు తగ్గుతాయి, దాంతో దిగులు ఇంకా ముదురుతుంది. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పనితో మొదలుపెట్టి మనసును కుదుటపరచడం ఈ పద్ధతి. పొద్దున పాలకేంద్రం దాకా నడవడం, సంఘం మీటింగ్‌కు మళ్లీ వెళ్లడం, అక్కకు ఫోన్ చేయడం వంటివి రోజువారీ పట్టీలో రాసుకుని చేస్తారు.

మన దగ్గర ఒంటరిగా కౌన్సెలర్ దగ్గరికి వచ్చేవారు తక్కువ. అత్తో, భర్తో, అన్నో వెంట ఉంటారు. అనుభవం ఉన్నవారు కాసేపు ఇద్దరినీ కూర్చోబెట్టి, తర్వాత వెంట వచ్చినవారిని బయట ఉండమంటారు. ఆ రెండో భాగం తప్పనిసరిగా ఉండాలి. అత్తగారి ముందు కోడలు చెప్పగలిగేది అంతంతే.

మందు ఎప్పుడు, మాట ఎప్పుడు

డాక్టర్లు తీవ్రతను అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, అలసట ఎలా ఉన్నాయో అడిగి 27కు మార్కులు వేస్తారు. 10, అంతకు మించి వస్తే నిపుణులను కలవాల్సిన స్థాయిగా చూస్తారు. స్వల్ప స్థాయిలో ఉన్నవారికి మాటలతోనే చాలావరకు కుదురుతుంది. మధ్యస్థంగా ఉంటే మాట, మందు రెంటిలో ఏదైనా, లేదా రెండూ కలిపి. తీవ్రంగా ఉంటే, ఎవరో పిలుస్తున్నట్టు వినపడుతుంటే, రోజుల తరబడి నిద్ర అక్కర్లేదన్నట్టు హుషారుగా తిరుగుతుంటే, చనిపోవాలన్న ఆలోచన గట్టిపడుతుంటే, కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోదు. వెంటనే సైకియాట్రిస్టును కలవాలి.

మందుల విషయంలో రెండు రకాలను ఒకే గాటన కట్టడం వల్ల చాలా నష్టం జరుగుతోంది. ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి డిప్రెషన్ మందుల ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండొచ్చు. పది రోజులకే పని చేయట్లేదని ఆపేసేవారు ఆ ఫలితం చూడకుండానే వెనుదిరుగుతారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు.

ఆందోళన, నిద్రలేమికి వాడే అల్ప్రాజోలం సంగతి వేరు. వేసుకున్న గంటలోపే దడ తగ్గుతుంది, నిద్ర వస్తుంది. అందుకే జనానికి అది ‘పనిచేసే మందు’. కొన్ని వారాలకే శరీరం దానికి అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే ఆందోళన రెట్టింపై తిరిగొస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. 2014 నుంచి ఈ మందు హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ షాపులో రిజిస్టర్‌లో రాయాలి. మానసిక వైద్యమంటే మందులకు బానిసవడమే అన్న భయానికి మూలం చాలావరకు ఈ రకం మాత్రలే. డాక్టర్ చూడకుండా మెడికల్ షాపులో కొనుక్కోవడం వల్లే అది ముదురుతుంది.

ఈ ప్రాంతానికి దీని రుచి వేరే రూపంలో కూడా తెలుసు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం వణుకు, ఫిట్స్, మతి తప్పిన మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. రోజూ సాయంత్రం తాగే సీసా వెనుక మత్తు మందు ఉందని వారిలో చాలామందికి తెలియదు. తాగుడు మాన్పించే ముందు, ముఖ్యంగా కల్తీ కల్లు తాగేవారి విషయంలో, డాక్టర్‌ను అడగాల్సింది ఇందుకే. మద్యం సమస్య ఉన్నవారిలో చికిత్స అందనివారు 86 శాతమని నిమ్హాన్స్ సర్వే చెప్పింది.

ఇక్కడి రందికి ఇక్కడి కారణాలు

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి వచ్చే నెలలే ఈ ప్రాంతంలో అప్పుల లెక్కలు తేలే నెలలు. కౌలు రైతుకు నష్టం వస్తే బ్యాంకు దగ్గర పేరుండదు, మిత్తికి ఇచ్చినవాడి దగ్గర మాత్రం ఉంటుంది. అప్పును కౌన్సెలింగ్ తీర్చలేదు. ఆ మాట దాచకుండా చెప్పుకోవాలి. అయితే నిద్ర లేని మనిషి ఎకరం అమ్మాలా, బంధువుల్ని కూర్చోబెట్టి గడువు అడగాలా అన్నది తేల్చుకోలేడు. సమస్యను ముక్కలుగా విడదీసి, ఈ వారం చేయగలిగింది ఏదో ఎంచుకునేలా చేయడం వరకు కౌన్సెలింగ్ పని. పథకాలు, అప్పు సర్దుబాటు తెలిసినవారు కూడా పక్కన ఉంటేనే దానికి బలం.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు గల్ఫ్ ఇళ్ల కథ వేరు. వీసాకు తెచ్చిన అప్పు తీరేదాకా భర్త తిరిగి రాలేడు. సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనుక, దుబాయ్ గంటన్నర వెనుక. డ్యూటీ దిగి ఆయన ఫోన్ చేసే వేళకు ఇక్కడ పిల్లలు నిద్రపోయి ఉంటారు. వీడియో కాల్‌లో ఇద్దరూ నవ్వుతారు. క్యాంపులో జీతం ఆగిందని ఆయన చెప్పడు, అత్తగారితో పడలేకపోతున్నానని ఆమె చెప్పదు. ఏళ్లపాటు ఇలా గడిచాక ఆయన ఇంటికొస్తే ఒకరికొకరు కొత్తగా పరిచయమవుతారు. తిరిగొచ్చిన మొదటి నెలల్లో గొడవలు, తాగుడు పెరగడానికి ఇదో కారణం. ఈ ఇళ్లకు కావాల్సింది ఫోన్‌లో దొరికే కౌన్సెలింగ్, అదీ రాత్రి పూట.

బొగ్గుగని కార్మికుల ఇళ్లలో షిఫ్టులు మారినప్పుడల్లా నిద్ర మారుతుంది. రాత్రి షిఫ్ట్ చేసి పగలు ఇరుకు క్వార్టర్‌లో పడుకునే మనిషికి నిద్రలేమి, చిరాకు వృత్తిలో భాగమైపోతాయి. అక్కడ మొదట సరిచేయాల్సింది నిద్ర వేళలనే.

14416 నుంచి ఎంజీఎం ఓపీ దాకా

ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది. 14416 నొక్కితే భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు. కౌన్సెలర్ పరిధి దాటిన సమస్య అయితే సైకియాట్రిస్టుకో, దగ్గరలోని ఆస్పత్రికో పంపుతారు. మొదలైనప్పటి నుంచి దేశవ్యాప్తంగా వచ్చిన మొత్తం కాల్స్ 2025లో 20 లక్షలు దాటాయి. ‘నాకు జబ్బేం లేదు, ఊరికే ఎవరితోనైనా మాట్లాడాలి’ అనుకున్నప్పుడు కూడా దీనికి ఫోన్ చేయవచ్చు. పరీక్ష భయం, నిద్రలేమి, ఇంట్లో గొడవ, ఏదైనా సరే. ప్రాణాపాయం కనిపిస్తున్నప్పుడు మాత్రం 108 లేదా 112కే ముందు చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో హింస ఎదుర్కొంటున్న మహిళలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్‌తో పాటు న్యాయ సహాయం కూడా దొరుకుతుంది.

ముఖాముఖి వైద్యానికి చాలాకాలం ఈ ప్రాంతమంతటికీ పెద్ద దిక్కు వరంగల్ ఎంజీఎం. కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఈ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి దూరాల నుంచి వస్తారు. తెల్లవారుజామున బస్సెక్కి, ఓపీ చీటీ కోసం లైన్‌లో నిలబడి, డాక్టర్ ముందు కూర్చునేసరికి ఆ డాక్టర్‌కు బయట ఇంకా పొడవాటి వరుస కనిపిస్తుంటుంది. మందు రాయడానికి ఆ కొద్ది నిమిషాలు సరిపోతాయి, మనసు విప్పడానికి సరిపోవు. దేశంలో లక్ష జనాభాకు ఉన్న సైకియాట్రిస్టులు 0.75 మందేనని 2019లో వచ్చిన ఒక అంచనా. కనీసం ముగ్గురుండాలని నిపుణులు అంటారు. తప్పు ఆ ఒక్క డాక్టర్‌ది కాదు.

2022లో మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో జనగామ, భూపాలపల్లి, సిరిసిల్ల, నిర్మల్ తదితర చోట్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ములుగుకు 2024లో వచ్చింది. నిబంధనల ప్రకారం మెడికల్ కాలేజీకి సైకియాట్రీ విభాగం ఉండాలి. అంటే ఇదివరకు వంద కిలోమీటర్లు ప్రయాణించిన మనిషి ఇప్పుడు జిల్లా కేంద్రంలోనే ఓపీ ఉందేమో అడిగి చూడవచ్చు. ఈ మార్పు ఊళ్లలో ఇంకా తగినంతగా ప్రచారం కాలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచే దేశంలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా ఈ వైద్యాన్ని తీసుకెళ్లడం దాని లక్ష్యం. కొత్త కాలేజీల డాక్టర్లు నెలకోసారైనా మండల కేంద్రానికి వెళ్తే ఆ లక్ష్యానికి ప్రాణం వస్తుంది.

రికార్డు భయం, కేసు భయం

పెళ్లి సంబంధం చెడిపోతుందని, ఉద్యోగానికి అడ్డమవుతుందని, పోలీసు కేసవుతుందని భయం. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) వీటిలో చాలావాటికి జవాబు చెప్పింది. వైద్య వివరాలు గోప్యంగా ఉంచడం వ్యక్తి హక్కు. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు. పిల్లలపై లైంగిక దాడి విషయం బయటపడితే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని ఆ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. అలాంటివారికి వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. అయినా పురుగుల మందు తాగిన మనిషిని కేసవుతుందన్న భయంతో ఆలస్యంగా తెచ్చే కుటుంబాలు ఉన్నాయి. చట్టం మారిన సంగతి ఆశా కార్యకర్త నోటి నుంచి ఊళ్లోకి వెళ్తే ఆ ఆలస్యం తగ్గుతుంది. అందులో ప్రతి గంటా విలువైనదే.

బీమా సంస్థలు మానసిక జబ్బుకూ శరీర జబ్బుతో సమానంగా కవరేజీ ఇవ్వాలని కూడా ఇదే చట్టం చెప్పింది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారం వారం జరిగే కౌన్సెలింగ్ ఫీజు ఇప్పటికీ జేబు నుంచే.

మధ్య మెట్టు ఎవరు కడతారు

సైకియాట్రిస్టుల సంఖ్య పెరిగేదాకా ఆగితే ఒక తరం గడిచిపోతుంది. ఈ చిక్కుకు గోవాలో ఒక జవాబు దొరికింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన, దానికి దగ్గరి స్థాయి డిప్రెషన్ ఉన్నవారికి మామూలు వైద్యంతో పాటు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు ఇప్పించారు. చేసింది పైన చెప్పిన చిన్న పనుల పద్ధతే. మూడు నెలలకు ఆ సిట్టింగులు తీసుకున్నవారిలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. ఈ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. జింబాబ్వేలో 2006 నుంచి శిక్షణ పొందిన నాయనమ్మలు, అమ్మమ్మలు క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని ఇదే తరహా పని చేస్తున్నారు.

తెలంగాణలో ఇందుకు నేల సిద్ధంగా ఉంది. ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త, మహిళా సంఘం ఉన్నాయి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఏ కోడలు సంఘం మీటింగ్‌కు రావడం మానేసిందో వారికి ముందే తెలుస్తుంది. అడ్డంకులూ ఉన్నాయి. తెలిసిన మనిషి కాబట్టే చెప్పుకోవడానికి జంకుతారు. సంఘం అప్పు వాయిదా వసూలు చేసే మనిషే రంది వినే మనిషైతే నోరు విప్పడం కష్టం. ఇప్పటికే టీకాలు, గర్భిణుల నమోదు, సర్వేలతో సతమతమవుతున్న ఆశాలకు జీతం పెంచకుండా ఇంకో పని అంటగడితే అది రిజిస్టర్‌లోనే జరుగుతుంది. గోవాలో ఫలితం రావడానికి వారం వారం పర్యవేక్షణ పెద్ద కారణం. పొరుగూరి కౌన్సెలర్‌ను పెట్టడం, నెలకు ఇంతని గౌరవ వేతనం ఇవ్వడం, కొత్త మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగం నుంచి పర్యవేక్షణ ఉండటం జరిగితే పరకాల మహిళ ఫైలు అంత లావెక్కదు. ఆర్‌ఎంపీలకు కూడా ఒక చిన్న బాధ్యత ఇవ్వవచ్చు. మూడోసారి అదే దడతో వచ్చిన మనిషికి గ్లూకోజ్ పెట్టకుండా 14416 చెప్పడం.

కాలేజీల విషయంలో ప్రమాదం ఇంకో రకం. సుప్రీంకోర్టు కౌన్సెలర్‌ను పెట్టమనడంతో ఆగలేదు. కోచింగ్ సంస్థలు వీలైనంతవరకు మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయకూడదని, నలుగురిలో అవమానించకూడదని, హాస్టళ్లలో, క్లాసుల్లో టెలీ మానస్ వంటి నంబర్లు పెద్ద అక్షరాల్లో పెట్టాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. మార్కులు తగ్గిన పిల్లను పక్క సెక్షన్‌కు మార్చే పద్ధతి అలాగే ఉంచి, ఆ పిల్ల ఏడుపు ఆపడానికి ఒక కౌన్సెలర్‌ను పెడితే తీర్పులో సగమే అమలైనట్టు. లెక్చరర్‌కో, వార్డెన్‌కో కౌన్సెలర్ అన్న పేరు అదనంగా తగిలించే అవకాశమూ ఉంది. మార్కులు వేసే మనిషికి, ఇంటికి ఫోన్ చేసే మనిషికి ఏ విద్యార్థీ మనసులో మాట చెప్పడు.

అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు, ర్యాంకుల గురించి అడిగే తల్లిదండ్రులు ఇకమీదట మరికొన్ని అడగవచ్చు. కౌన్సెలర్ ఏం చదివారు, వారంలో ఎన్ని రోజులు వస్తారు, ఏ గదిలో కూర్చుంటారు, పిల్లలు చెప్పింది ప్రిన్సిపాల్‌కు చేరవేస్తారా. ఈ ప్రశ్నలకు వెంటనే, సూటిగా జవాబు చెప్పగలిగే కాలేజీలో తీర్పు అమలవుతున్నట్టు.